నిర్మాణంలో ఖాళీ ఎక్కడుంది?

1

ఈ మధ్య మన సాహిత్య సభల్లో 'నిర్మాణం' అనే మాట విరివిగా వినిపిస్తోంది. కథకు నిర్మాణం, నవలకు నిర్మాణం, చివరికి వచన కవితకు కూడా నిర్మాణం. మాట మంచిదే. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన నాటి నుంచీ మన విమర్శ వస్తువు గురించి మాట్లాడినంతగా రూపం గురించి మాట్లాడలేదన్న ఆరోపణలో నిజం లేకపోలేదు. ఆ లోటు తీర్చడానికి ఎవరు పూనుకున్నా ఆహ్వానించవలసిందే. అయితే ఒక మాట ఎంత వాడకంలోకి వస్తే దాని అర్థం అంత పలచబడే ప్రమాదమూ ఉంది.

కాకినాడలో జరిగిన ఒక గోష్ఠిలో యువ అధ్యాపకుడొకరు కథానిక మీద పత్రం చదివారు. ఒక కథను తీసుకొని, గళ్ళు గీసి, పాత్రలను ఒక వరసలోనూ సంఘటనలను మరో వరసలోనూ పేర్చి చూపించారు. చివర, "కృతి అంటే నిర్మాణమే, దాని బయట వెతకవలసింది ఏమీ లేదని పోలిష్ పండితులు ఎన్నడో తేల్చేశారు" అన్నారు. వెంటనే ఒక పెద్దాయన లేచి, "ఇదంతా బూర్జువా రూపవాదం" అని కొట్టిపారేశారు. అధ్యక్షస్థానంలో ఉన్న నేను పెద్దాయన మాటకే వత్తాసు పలికి సభ ముగించాను. ఏ పోలిష్ పండితులు, ఏ శాస్త్రంలో, ఏ నిర్మాణం గురించి, ఏమి తేల్చారు? ఈ ప్రశ్న చదివినవారూ వేసుకోలేదు, ఖండించినవారూ వేసుకోలేదు, నేనూ వేసుకోలేదు.

ఆ రాత్రి ఉప్పాడ బస్సులో వస్తుంటే ఆ సంగతే మనసులో మెదిలింది. మర్నాడు స్టాఫు రూములో మా లెక్కల మాస్టారిని కదిలించాను. "పోలిష్ పేరుతో మా లెక్కల్లోనే రెండున్నాయండీ, మీకేది కావాలి?" అన్నారాయన. అక్కడ మొదలుపెట్టి నాకు చేతనైనంత మేర చదివాను. చదివాక తేలింది ఇది: పోలెండ్ నుంచి వచ్చిన నిర్మాణ చింతన ఒకటి కాదు. తర్కంలో ఒకటి, గణితంలో ఒకటి, సాహిత్యశాస్త్రంలో ఒకటి, మానవశాస్త్రంలో ఒకటి. అవి ఒకదాన్నొకటి బలపరచకపోగా, ఒకచోట ముఖాముఖి ఎదురు నిలబడతాయి. ఆ ఎదురు నిలిచిన చోటే మన విమర్శకు పనికివచ్చే పాఠం ఉందని నా అభిప్రాయం. అది చెప్పడానికే ఈ వ్యాసం. చివర నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది. అదీ చెబుతాను.

2

మొదట తర్కశాస్త్రం. యాన్ వుకాసియేవిచ్ 1878లో ల్వూఫ్ నగరంలో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలెండ్‌లో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఆయన 1924లో తర్కవాక్యాలు రాయడానికి కుండలీకరణాలు అక్కరలేని పద్ధతి ఒకటి కనిపెట్టాడు. దాన్నే పోలిష్ సంకేతపద్ధతి అంటారు. మనం బళ్ళో (2 + 3) × 4 అని రాస్తాం. కుండలీకరణం తీసేస్తే లెక్క మారిపోతుంది. వుకాసియేవిచ్ పద్ధతిలో చేయవలసిన పని ముందు వస్తుంది, అంకెలు తర్వాత వస్తాయి: × + 2 3 4. కుండలీకరణం లేదు, గందరగోళమూ లేదు. అర్థమంతా వరసలోనే ఉంది.

దీన్ని తిరగేసి, అంకెలు ముందు, పని తర్వాత రాసే పద్ధతి కంప్యూటర్లలో బాగా ఉపయోగపడింది. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 1972లో తెచ్చిన చేతి కాలిక్యులేటరు ఆ పద్ధతిలోనే పనిచేసేది: 2 3 + 4 ×. లెక్కల మాస్టారు ఇది బోర్డు మీద రాసినప్పుడు తెలుగు మాస్టారిగా నాకు నవ్వొచ్చింది. ఇది మన వాక్యమే గదా! "రెండుకు మూడు కలిపి, నాలుగుతో హెచ్చవేయి." క్రియ చివర. మధ్యలో 'కలిపి' అనే క్త్వార్థకం. మా పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఈ తిరగేసిన పోలిష్‌లోనే మాట్లాడుతున్నారు.

అయితే ఈ నిర్మాణం తనంతట తాను నిలబడుతుందా? నిలబడదు. ఒక్కొక్క గుర్తు ఎన్నింటిని అడుగుతుందో చదివేవాడికి ముందే తెలిసి ఉండాలి. కూడిక గుర్తు రెండింటిని అడుగుతుంది. ఒకటే ఇస్తే వాక్యం పూర్తికాదు. ఆ ఒప్పందం కాగితం మీద కనపడదు, కాని అది లేకపోతే కాగితం మీద ఉన్నది వట్టి గీతలే. 'పాత పుస్తకాల కొట్టు' అన్నప్పుడు పాతవి పుస్తకాలా, కొట్టా? సమాసం చెప్పదు. వాడుక తెలిసినవాడు చెబుతాడు. బయట ఏమీ లేదన్నవారికి అన్నింటికన్నా కచ్చితమైన ఈ నిర్మాణమే మొదటి జవాబు చెబుతోంది.

3

రెండోది గణితం. ఇది ఆ దేశంలోనే ఎందుకు పెరిగిందో ముందు చూడాలి. భావాలు గాలిలోంచి పుట్టవని నమ్మేవాళ్ళం గనుక ఆ ప్రశ్న మనం వేసుకోవాలి. 1795లో మూడు సామ్రాజ్యాలు పోలెండ్‌ను పంచుకున్నాయి. 1918 దాకా, అంటే 123 ఏళ్ళ పాటు, పటం మీద ఆ దేశమే లేదు. స్వాతంత్ర్యం వచ్చే ముందు జనిషెవ్‌స్కీ అనే గణితవేత్త ఒక సూచన చేశాడు: మనది చిన్న దేశం, అన్ని రంగాలలోనూ పోటీపడలేం, ఒకటి రెండు కొత్త రంగాలు ఎంచుకొని అందరం అక్కడే పనిచేద్దాం, మన పత్రిక మనం పెట్టుకుందాం. ఆ పత్రిక 1920లో వార్సాలో వెలువడింది. ఖరీదైన ప్రయోగశాలలు లేనిచోట కాగితం, పెన్సిలు, కలిసి కూర్చునే బల్ల పెట్టుబడి అయ్యాయి. ల్వూఫ్‌లో బనాఖ్, మజూర్, ఉలామ్ వంటివారు స్కాటిష్ కఫే అనే కాఫీ హోటల్లో కూర్చొని సమస్యలను ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఒక సమస్యకు మజూర్ బతికున్న బాతును బహుమతిగా ప్రకటించాడు. 1936లో రాసిన ఆ సమస్యను 1972లో స్వీడన్‌కు చెందిన ఎన్‌ఫ్లో పరిష్కరించాడు. బాతును నిజంగానే ఇచ్చారు.

ఈ కథ ఇంత సరదాగా ముగియలేదు. 1941 జూలైలో నాజీలు ల్వూఫ్ ఆచార్యులను పట్టుకొని కాల్చిచంపారు. బనాఖ్ ఆ ఏళ్ళలో టైఫస్ టీకా తయారుచేసే సంస్థలో పేలకు తన రక్తం తాగించే పని చేసి ప్రాణం నిలుపుకున్నాడు. ప్రపంచ గణితంలో ఒక మహానిర్మాణానికి పేరిచ్చిన మనిషి శరీరం ఆ పనికి ఉపయోగపడిందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మా లెక్కల మాస్టారు చెప్పిన రెండో సంగతి. ఈ పోలిష్ గణితవేత్తలు పరిశోధించిన ఒక రకం నిర్మాణానికి వారి గౌరవార్థం 'పోలిష్ అంతరాళం' అని పేరు. స్థూలంగా దానికి రెండు లక్షణాలు. ఒకటి, ఒకటి రెండు మూడు అని లెక్కించుకుంటూ పోగలిగిన బిందువులతో దానిలోని ప్రతి మూలకూ ఎంత దగ్గరకైనా చేరవచ్చు. రెండు, దానిలో రంధ్రాలు ఉండకూడదు. రంధ్రం అంటే ఏమిటి? 1, 1.4, 1.41, 1.414 అంటూ రెండు వర్గమూలం వైపు నడుస్తున్నామనుకోండి. అడుగులు ఒకదానికొకటి దగ్గరవుతూనే ఉంటాయి. కాని భిన్నాలు మాత్రమే ఉన్న లోకంలో ఆ నడక చేరవలసిన చోటే లేదు. అక్కడొక రంధ్రం ఉంది. పోలిష్ అంతరాళంలో అలా జరగకూడదు. దగ్గరవుతూ పోయే ప్రతి నడకకూ గమ్యం లోపలే ఉండాలి. పరిపూర్ణత అక్కడ అలంకారం కాదు, షరతు.

4

మూడోది మన రంగానికే చెందినది. రోమన్ ఇన్‌గార్డెన్ 1893లో క్రాకవ్‌లో పుట్టి, జర్మనీలో హుస్సర్ల్ దగ్గర తత్వశాస్త్రం చదివాడు. సాహిత్యకృతి ఎలాంటి వస్తువు అన్న ప్రశ్న మీద 1931లో జర్మన్ భాషలో పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయన దృష్టిలో కృతి నాలుగు పొరలు కలిసిన నిర్మాణం: శబ్దం, అర్థం, ఆ అర్థం చూపించే మనుషులూ వస్తువులూ, ఆ వస్తువులు కనిపించే కోణాలు. "ఆమె మగ్గం మీంచి లేచింది" అని రాశామనుకోండి. నాలుగు మాటల శబ్దం ఉంది, వాక్యార్థం ఉంది, ఒక స్త్రీ, ఒక మగ్గం ఉన్నాయి, ఎక్కడో నిలబడి చూస్తున్న చూపు ఉంది.

ఆమెకు వయసెంత? మగ్గం మీద చీర ఏ రంగు? వాక్యం చెప్పదు. నిజమైన స్త్రీకి వయసు ఉండితీరుతుంది, కథలోని స్త్రీకి రచయిత చెప్పనంతవరకూ ఉండదు. ఇలాంటి చోట్లను ఇన్‌గార్డెన్ అనిర్దిష్ట స్థానాలు అన్నాడు. అవి కృతిలో లోపాలు కావు, దాని స్వభావం. పాఠకుడు చదువుతూ వాటిలో కొన్నింటిని తన అనుభవంతో నింపుతాడు. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనితో దీన్ని కలిపేయకూడదు. ధ్వనిలో కవి సూచించిన అర్థం ఉంటుంది. ఇక్కడ ఉన్నది ఖాళీ.

చూడండి, ఎంత వైరుధ్యమో! గణితంలో పోలిష్ నిర్మాణానికి రంధ్రం ఉండకూడదు. సాహిత్యంలో పోలిష్ పండితుడు చెప్పిన నిర్మాణానికి రంధ్రం లేకపోతే జీవం లేదు. రెండింటినీ ఒకే మాటతో పిలిచి, ఒకదాని అధికారాన్ని మరొకదానికి తగిలిస్తే ఏమవుతుందో ఆ గోష్ఠిలో చూశాం. పైగా ఇన్‌గార్డెన్ బయట ఏమీ లేదనలేదు. పాఠకుడు లేకుండా కృతి పూర్తి రూపం ధరించదన్నాడు.

మనవైపు వారు గుర్తుంచుకోవలసిన సంగతి కూడా ఇక్కడే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో, ఇన్‌గార్డెన్‌ను భావవాది అన్న ముద్రవేసి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పనివ్వలేదు. 1957లో గాని ఆయన తిరిగి తరగతిలో అడుగుపెట్టలేదు. ఆ ఏళ్ళలో ఆయన కాంట్ గ్రంథాన్ని పోలిష్‌లోకి అనువదిస్తూ కూర్చున్నాడు. ఆయన తత్వంతో నాకు పేచీ ఉంది. పాఠకుడికీ ఒక వర్గం, ఒక ఊరు, ఒక వృత్తి ఉంటాయని ఆయన పట్టించుకోలేదు. కాని పేచీని పాఠం ఆపించి తీర్చుకోవడం విమర్శ కాదు. "ఇది బూర్జువా రూపవాదం" అన్న ఒక్క మాటతో సభ ముగించిన నాకూ ఆ అధికారులకూ తేడా అధికారం ఉండటంలోనే గాని పద్ధతిలో లేదు.

5

నాలుగోది మానవశాస్త్రం. బ్రనిస్లా మాలినోవ్‌స్కీ కూడా క్రాకవ్‌వాడే, 1884లో పుట్టాడు. న్యూగినీ దగ్గర ట్రోబ్రియాండ్ దీవుల్లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, అక్కడివారి మధ్య గుడారం వేసుకొని వారి భాష నేర్చుకొని పనిచేశాడు. 1922లో వచ్చిన ఆయన గ్రంథం సముద్రం మీద పడవలెక్కి దీవి నుంచి దీవికి పోయే వర్తనం గురించి. ఎర్ర గవ్వల దండలు ఒక దిక్కుగా, తెల్ల గవ్వ కడియాలు ఎదురు దిక్కుగా తిరుగుతుంటాయి. ఆయన దృష్టిలో పడవ అంటే వట్టి చెక్క కాదు. దాన్ని చెక్కిన శ్రమ, దాని మీద పెత్తనం, మంత్రం, మాట నిలుపుకోవడం అన్నీ కలిసిన నిర్మాణం. ఏ ఆచారం చూసినా అది సమాజంలో ఏ పని చేస్తోందని అడిగాడు. ఉప్పుటేటిలాంటి నిలకడ నీటిలో చేపలు పట్టేటప్పుడు మంత్రం లేదు, ప్రాణభయం ఉన్న నడిసముద్రంలో పట్టేటప్పుడే ఉంది అని గమనించాడు. వేటకు పోయే ముందు గంగమ్మకు మొక్కే తీరప్రజల మధ్య బతికేవాడిగా ఈ పరిశీలనకు నేను తలవంచుతాను.

1942లో ఆయన చనిపోయాడు. 1967లో ఆయన దినచర్య పుస్తకం అచ్చయింది. శాస్త్రగ్రంథాన్ని ఇంగ్లీషులో రాసినవాడు దినచర్యను పోలిష్‌లో రాసుకున్నాడు. అందులో ఆ దీవుల మనుషుల మీద చిరాకు, ఏవగింపు, తిట్లు ఉన్నాయి. అన్నీ ఒకదానికొకటి అమరిన ఆ నిర్మాణంలో లేని మనిషి ఒకడే, దాన్ని చూస్తున్నవాడు. నిర్మాణాన్ని అంత చక్కగా చూసిన కన్ను, అందులోని మనిషిని సాటిమనిషిగా చూడలేకపోయింది. గ్రంథం అబద్ధమైపోలేదు. కాని దానిలో ఖాళీ ఎక్కడుందో తెలిసిపోయింది.

6

ఇక నా సంగతి. పదేళ్ళ కిందట నా దగ్గర చదువుకున్న ఒక నేతగాళ్ళ కుర్రాడు కథ రాసి తెచ్చాడు. ఉప్పాడ జామ్దానీ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన చీర ఇది. గుంటమగ్గం మీద పడుగు పోగుల మధ్య నాడెతో మామూలు పేక నడుస్తుంది. బుటా వచ్చినచోట అదనపు పేకను వేళ్ళతో అక్కడికక్కడే అల్లుతారు. ఆ పోగు బుటా దాటి పక్కకు పోదు, కాబట్టి వెనకవైపు తేలే దారాలుండవు. పనితనం ఎక్కువున్న చీరకు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒక చీరకు వారాలు పడుతుంది.

కథలో మొగుడూ పెళ్ళామూ ఒకే మగ్గం మీద నేస్తుంటారు. ఆసామి కూలి లెక్క మొగుడి పేర రాస్తాడు. ఆమె చేతులు ఆ లెక్కలో లేవు. ఒకనాడు ఆమె ఏమీ అనకుండా మగ్గం మీంచి లేచి, గుమ్మంలో కూర్చొని, సముద్రం చప్పుడు వింటుంది. కథ అయిపోయింది.

నేను అడ్డంగా తలూపాను. "ముగింపేదిరా? ఆమె లేచి ఎక్కడికి వెళ్ళినట్టు? చైతన్యం ఎక్కడ?" అన్నాను. సంఘంలో చేర్పించమన్నాను. గురువు మాట కాదనలేక అతను ఇంకో రెండు పేజీలు రాశాడు. ఆమె ఆసామిని నిలదీసింది, జనం పోగయ్యారు, నినాదాలు మిన్నుముట్టాయి. ఆ కథ అచ్చయింది. ఎవరికీ గుర్తులేదు. నాకూ గుర్తుండేది కాదు.

ఈ వ్యాసానికి చదువుతున్న రోజుల్లో అతను బజారులో కనపడితే అడిగాను, ఆ మొదటి ప్రతి ఉందా అని. లేదన్నాడు. "అలా ఎందుకు ముగించావురా అప్పుడు?" అన్నాను. "ఆ పక్క పీట ఖాళీ అయితే చీర ఆగిపోద్ది గదండీ మాస్టారూ. ఆసామి దిగిరావాల్సిందే. మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే గదండీ. మీకు తెలీదనుకోలేదండీ" అన్నాడు.

నేను ఇరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్నాను. ఆ మగ్గం రెండింటిని అడిగే గుర్తు అని నాకు తెలియదు. ఒకటి తీసేస్తే వాక్యం ఆగిపోతుందని తెలియదు. ఆమె లేవడమే సమ్మె. కథలో నేను లోపం అనుకున్న ఖాళీ, నేతపని తెలిసిన పాఠకుడు తన అనుభవంతో నింపే చోటు. నేను దాన్ని గణితంలో రంధ్రంలా చూసి పూడ్పించాను. పూడ్చడానికి వాడిన మట్టి నినాదం.

7

దీన్నిబట్టి వస్తువు అక్కరలేదు, నిర్మాణం చాలు అని నేనంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ యువ అధ్యాపకుడు ఈ కథకు గళ్ళు గీసి ఉంటే 'ఇద్దరు, ఒకరు, శూన్యం' అని చక్కగా పేర్చేవారు. కూలి లెక్క ఎవరి పేర రాస్తారన్న సంగతి ఆ గళ్ళలో ఉండేది కాదు. అది లేకపోతే ఆమె ఎందుకు లేచిందో తెలియదు. మా ఊరి సముద్రతీరం దీనికి సాక్ష్యం. కోతను ఆపాలని రాళ్ళు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబులు పరిచారు. అలలు వాటినీ దెబ్బతీశాయి, బీచి రోడ్డునూ కోశాయి. అలల తీరు, ఇసుక కదలిక, హోప్ ఐలాండ్ మేట పెరుగుదల, తీరం మీద కట్టడాలు, వీటన్నింటి మధ్య సంబంధాన్ని శాస్త్రజ్ఞులు పరిశీలిస్తూనే ఉన్నారు. గోడను గోడగానే చూస్తే గోడ కూడా అర్థం కాదు.

కాబట్టి కథ చేతికి వచ్చినప్పుడు మన విమర్శకులు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా మనవి. ఈ నిర్మాణంలో ఏది దేన్ని అడుగుతోంది? ఎక్కడ ఖాళీ వదిలారు? ఆ ఖాళీని ఎవరి జీవితానుభవం నింపగలదు, అది నాకు ఉందా? మూడో ప్రశ్నకు 'లేదు' అన్న జవాబు వస్తే, రచయితను దిద్దడానికి ముందు మనం మగ్గం దగ్గరకు పోయి కూర్చోవాలి.

గోష్ఠిలో పత్రం చదివిన మిత్రునికి ఈ పత్రికాముఖంగా క్షమాపణ చెబుతున్నాను. ఆయన తీర్పుతో ఇప్పటికీ ఏకీభవించను, కాని ఆయనకు జవాబు రావలసింది, ముద్ర కాదు. మా కుర్రాడికి చెప్పవలసిన క్షమాపణ వేరే ఉంది. ఆ కథను మళ్ళీ మొదట రాసినట్టే రాయమని అడిగాను. "చూద్దాం లెండి" అన్నాడు. అతను ఇప్పుడు కథలు రాయడం లేదు.